క్యాసెట్‌లోని ఇంగ్లీషుకు వణికిన సాయంత్రాలు

మా చిన్నప్పుడు నాంపల్లి స్టేషన్ వెనక ఒక సందులో కిరాయికి ఉండేవాళ్లం... నాయిన షాపు నుంచి వచ్చే వేళ అంటేనే నాకు భయం. ఆయన చెప్పులు విప్పి, మొహం కడుక్కుని, గూట్లోంచి టేప్ రికార్డర్ దించేవాడు. అంతే... నేను గోడవారగా ముడుచుకుని కూర్చునేదాన్ని.

నాయినది పాలమూరు వైపు పల్లె. ఆబిడ్స్‌లో బట్టల షాపులో సేల్స్‌మన్. ఇంగ్లీషు మాట్లాడే గిరాకీ వస్తే సేటు ఆయన్ని పక్కకు జరగమని ఇంకొకరిని పిలిచేవాడట. అందుకే నన్ను ఆరో తరగతికి ఆబిడ్స్‌లోని ఇంగ్లీషు మీడియం స్కూల్లోనే వేయాలని పట్టు.

దానికి పరీక్ష ఉండేది. ప్రశ్నకు నాలుగు జవాబులు ఇస్తారు, సరైనదానికి టిక్కు పెట్టాలి. కొన్ని ప్రశ్నలు కాగితం మీద... మిగతావి మాత్రం క్యాసెట్‌లో విని గుర్తించాలి. నాయిన కోఠిలో పాత పుస్తకాల దగ్గర ఒక ప్రాక్టీసు పుస్తకం, దాంతో పాటు క్యాసెట్ కొనుక్కొచ్చాడు.

కాగితం మీదవి బాగానే చేసేదాన్ని. క్యాసెట్ తిరగడం మొదలైతే మాత్రం అందులో ఆవిడ గొంతు నీళ్ల అడుగు నుంచి వస్తున్నట్టు ఉండేది. 'షిప్' అందో, 'చిప్' అందో, 'షీప్' అందో... ఏదో ఒకదానికి టిక్కు పెట్టి నాయిన చేతిలో ఎర్ర పెన్సిల్ వైపు చూస్తూ కూర్చునేదాన్ని.

"మళ్ల తప్పే! గింత సాఫ్‌గ చెప్తుంటె ఇనవడ్తలేదా నీకు?"

"ఇనవడ్తుంది నాయినా..." అనేదాన్ని. లోకంలో అందరికీ అలాగే వినిపిస్తుందనీ, నాకే బుర్ర లేదనీ నా నమ్మకం. ఆ సంగతి బయటపడితే చదువు మాన్పించేస్తారని భయం...

మేడమీద పోర్షన్‌లో గుంటూరు నుంచి ఎప్పుడో వచ్చి స్థిరపడిన వాళ్లుండేవారు. వాళ్లమ్మాయి ఉషక్క కోఠి కాలేజీలో డిగ్రీ చదివేది. నాయిన అడిగితే వచ్చి నా ఎదురుగా కూర్చుని అలాంటి ప్రశ్నలే అడిగింది. దాదాపు అన్నీ ఒప్పే! దాంతో నాయిన కోపం ఇంకా పెరిగింది.

"అక్క అడిగితె అన్ని కరెక్టు, టేపు వెడితె అన్ని గలత్. అంటే కావాల్నని జేస్తున్నవ్!"

నాకూ ఏమీ అర్థం కాలేదు. నిజంగానే కావాలని చేస్తున్నానేమోనని నా మీద నాకే అనుమానం వచ్చింది.

పరీక్ష దగ్గరపడిన ఒక సాయంత్రం ఉషక్క అడుగుతుండగా కరెంటు పోయింది. అమ్మ కందిలి కోసం వంటింట్లో తడుముకుంటోంది. ఉషక్క ఆగకుండా చీకట్లోనే తనకు తోచినవి అడుగుతూ పోయింది. నాకు గొంతు అందుతోంది, మాట అందడం లేదు. నోటికొచ్చినట్టు ఏ అన్నాను... సి అన్నాను...

కందిలి వెలుగు వచ్చేసరికి ఉషక్క నా మొహంలోకే చూస్తోంది.

"స్వప్నా... ఇందాకటిదాకా బాగా చెప్పావు కదే. చీకట్లో ఒక్కటీ సరిగ్గా చెప్పలేదు. నా నోరు చూసి చెప్తున్నావా నువ్వు?"

పుస్తకం మొహానికి అడ్డం పెట్టుకుని మళ్లీ అడిగింది. ఏదీ చెప్పలేక ఏడ్చేశాను. ఉషక్క నాయిన వైపు తిరిగింది.

"బాబాయిగారూ, మొండితనం కాదండీ... పిల్లకి సరిగ్గా వినబడటం లేదు."

నేను గబుక్కున అమ్మ కొంగు పట్టుకున్నాను. నాయిన అరవలేదు. నా ముందు చతికిలబడి, "ఎప్పటి సంది బిడ్డా?" అన్నాడు. ఎప్పటి నుంచో నాకేం తెలుసు...

కోఠిలో చెవుల డాక్టరు లైటు వేసి చూశాడు. పసితనంలో చీము కారి రెండు చెవుల్లోనూ కర్ణభేరికి రంధ్రం పడిందట, ఆపరేషన్ చేస్తే బాగవుతుందట. వెనక్కి వస్తుంటే అమ్మకు కొత్త భయం పట్టుకుంది.

"ఇస్కూల్ల జెప్పకున్రి... చెవులు ఇనరాని పిల్ల అంటె తీస్కుంటరా?"

పరీక్ష రోజు ఆ స్కూలు గేటు దగ్గర నేను ఆగిపోయాను. నాయిన నా చెయ్యి వదలకుండా నేరుగా హెడ్‌మిస్ట్రెస్ గదికి నడిచాడు.

"మేడమ్, మా బిడ్డకు జర తక్కువ ఇనవడ్తది. దిమాఖ్ మంచిగనే ఉంది. టేపు దగ్గర కూసుండవెట్టున్రి..." ఆయన ఎవరినైనా అలా బతిమాలడం నేనెప్పుడూ చూడలేదు.

ఆవిడ నన్ను ఒకసారి చూసింది. తర్వాత ఆయాని పిలిచి, నా కుర్చీ స్పీకరు పక్కనే వేయించింది.

కొన్ని మాటలు అందాయి, కొన్ని జారిపోయాయి... చివరిదాకా తల ఎత్తలేదు. లిస్టులో కింది నుంచి వెతికితే తొందరగా దొరికింది నా పేరు. సీటొచ్చింది!

ఆ ఎండాకాలమే ఆపరేషన్ అయింది. కట్టు విప్పిన కొన్నాళ్లకు ఇంట్లో కూర్చుంటే ఎవరో ఆడమనిషి మాట్లాడుతున్నట్టు వినిపించి, హడలిపోయి అమ్మను పిలిచాను. అమ్మ నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. "టేషన్ల రైలు వస్తుందని చెప్తున్రు బిడ్డా. గది రోజూ ఇనవడేదే..."

ఇప్పుడు మా పాప ఇలాంటి పరీక్షలకే ఫోన్‌లో ప్రాక్టీసు చేస్తుంది. చెవుల్లో ఇయర్‌ఫోన్లు... వినబడకపోతే సౌండు పెంచుకుంటుంది, తప్పొస్తే ఫోనే మెల్లగా చెబుతుంది. భయం లేదు, మంచిదే. కానీ పిల్లలకు ఎదురుగా కూర్చుని అడిగేవాళ్లూ లేకుండా పోయారు...

చిన్నప్పుడు భయపడి ఎవరికీ చెప్పుకోనిది మీకూ ఏదైనా ఉంటే ఇక్కడ చెప్పండి... ఇప్పుడు ఎవరూ తిట్టరు.