సెల్విన్ ఆల్డర్సన్ ఎవరికీ చెప్పని సంగతి

ఇంగ్లండులోని మా స్కెల్‌బెక్ ఊళ్లో సెల్విన్ ఆల్డర్సన్ నోరు మూసుకుని ఉండగా చూసినవాళ్లు తక్కువ. ఆయన గొర్రెల సంతలో వేలం వేసేవాడు. మెట్టెక్కి నిలబడ్డాడంటే మధ్యలో ఊపిరి ఎప్పుడు పీల్చుకుంటాడో ఎవరికీ అంతుపట్టేది కాదు. మెట్టు దిగాక కూడా అదే ధోరణి. వాన మీద, పార్లమెంటు మీద, పక్కింటివాళ్ల కోడిపుంజు మీద, అడిగినా అడక్కపోయినా ఆయన దగ్గర ఒక అభిప్రాయం తయారుగా ఉంటుంది. రిటైరయ్యాక వేలం మానేశాడు గానీ సంతకు వెళ్లడం మానలేదు. మంగళవారం వచ్చిందంటే టోపీ పెట్టుకుని వెళ్లి, కంచె మీద మోచేతులు ఆన్చి, కొత్తగా వేలం వేసేవాడు ఎంత చవటో సాయంత్రం దాకా చుట్టుపక్కలవాళ్లకు వివరించి వస్తాడు. మిగతా వారమంతా ఆయన బతికేది ఆ ఒక్క రోజు కోసమేనని భార్య మురియల్ అంటుంది.

అలాంటి మనిషి మురియల్‌ని చేసుకుని మా క్వేకర్ల మధ్యకు వచ్చిపడ్డాడు. క్రైస్తవులమే గానీ మాకు పాస్టరు లేడు, పాటలు లేవు. ఆదివారం పొద్దున ఒక గదిలో గుండ్రంగా కూర్చుని మౌనంగా ఉంటాం. ఎవరికైనా లోపలినుంచి మాట పుడితే లేచి చెబుతారు. చెప్పాక వెంటనే ఇంకొకరు లేవకూడదు. ఆ మాట అందరిలోనూ ఇంకాలి. సెల్విన్ మొదట్లో హాయిగా నిద్రపోయేవాడు. ఒక ఆదివారం నిద్రలోనే గొర్రెల మందనొకదాన్ని పైకే వేలం వేసి అమ్మేశాడు. ధర కూడా బాగానే పలికింది. సభ బాధ్యత చూసే హెస్టర్ రే కళ్లు తెరవకుండా నవ్వుకోవడం నేను చూశాను.

ఏ నిర్ణయానికీ మేం ఓట్లు వేసుకోం. అందరం అందరిదీ వింటూ కూర్చుంటే, చివరికి అందరికీ సరేననిపించేది ఒకటి తేలుతుంది. తేలేదాకా కూర్చోవడమే. టీ కెటిల్ మార్చడానికి మాకు ఒక చలికాలం పట్టింది. ఇంత వివరంగా ఎందుకు చెబుతున్నానంటే, మా కొంప ముంచింది ఈ అలవాటే.

ఖర్చు తగ్గించుకోవడానికి సంత చౌకులోని మరుగుదొడ్డిని మూసేస్తామని ఊరి కౌన్సిల్ ప్రకటించింది. అభ్యంతరాలుంటే వచ్చి చెప్పమంది. సెల్విన్ అగ్గి మీద గుగ్గిలమయ్యాడు.

"మీరెవరూ నోరెత్తక్కర్లేదు. ఊరికే వచ్చి కూర్చోండి చాలు. ఆ క్లిఫర్డ్ సంగతి నేను చూసుకుంటా" అన్నాడు.

క్లిఫర్డ్ పికర్స్‌గిల్ మా కౌన్సిల్ ఛైర్మన్. ఆయన కాయితం చదువుతుంటే గోడ గడియారానికి కూడా ఆవలింత వస్తుంది. మేం ముందు రెండు వరసల్లో కూర్చున్నాం. క్లిఫర్డ్ చదివి, చదివి, చివరికి కళ్లద్దాల పైనుంచి చూస్తూ, "దీనికి ఎవరికైనా అభ్యంతరం ఉందా?" అని అడిగాడు.

తల తిప్పి చూస్తే సెల్విన్ కుర్చీ ఖాళీ.

ప్రశ్న పెద్దది. మేం ఏం చేశాం? పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ ఏం చేస్తున్నామో అదే చేశాం. తలలు వంచుకుని ఆ ప్రశ్నను లోపలికి దిగనిచ్చాం. వెనక వరసలవాళ్లు మమ్మల్ని చూసి, వీళ్లేదో ప్రార్థనలో ఉన్నారు, మధ్యలో మాట్లాడితే బావుండదని మర్యాదకు ఊరుకున్నారు. క్లిఫర్డ్ అటు చూశాడు, ఇటు చూశాడు. "అభ్యంతరాలు లేవు" అని రాయించుకుని తర్వాతి అంశం, వీధి దీపాల మీదికి వెళ్లిపోయాడు. హెస్టర్‌కు లోపలినుంచి మాట పుట్టి, లేచి నిలబడి, మరుగుదొడ్డి మూయడం అన్యాయమని గంభీరంగా చెప్పేసరికి చాలా దూరం వచ్చేశాం.

"హెస్టర్, మనం పూలకుండీల దగ్గరున్నాం" అన్నాడు క్లిఫర్డ్ జాలిగా.

అప్పుడు వచ్చాడు సెల్విన్, కోటు గుండీలు పెట్టుకుంటూ.

"ఎక్కడిదాకా వచ్చింది?"

"అయిపోయింది" అన్నాను.

"అయిపోవడమేమిటి! రెండు వరసల మనుషులున్నారు, ఒక్కరికీ నోరు లేదా? మీకన్నా మా గొర్రెలు నయం, ముట్టుకుంటే అరుస్తాయి!"

"నువ్వెక్కడికి పోయావు మహానుభావా?" అంది మురియల్.

"కారు లైట్లు ఆర్పానో లేదోనని చూసి రావడానికి."

ఆ రోజు ఆయన మాతో నడిచి వచ్చాడు. అందరికీ తెలుసు. ఒక్కరమూ అనలేదు. ఇది మా ఇంకో అలవాటు.

కౌన్సిల్‌లో ఆఖరి ఓటింగ్ ఇంకా మిగిలే ఉంది. ఈలోగా హెస్టర్ ఒక ఆదివారం మధ్యాహ్నం అందర్నీ పిలిచింది. "ఎవరి గోడు వాళ్లు చెప్పండి. మిగతావాళ్లు వినండి. జవాబులొద్దు, సలహాలొద్దు, నిజమే నిజమే అని తలలాడించడం కూడా వద్దు" అంది.

సెల్విన్ మొదలుపెట్టాడు. రోమన్ల కాలంనాటి స్నానపు గదులనుంచి ఎత్తుకున్నాడు. ఆ మరుగుదొడ్డి ఇటుకలు ఎంత గట్టివో చెప్పాడు. క్లిఫర్డ్ తండ్రి ఎంత పిసినారో, తాత ఇంకెంత పిసినారో చెప్పాడు. మామూలుగా అయితే ఎవరో ఒకరు "అలా కాదు సెల్విన్" అంటారు. ఆ మాట దొరికితే చాలు, ఆయనకు ఇంకో గంటకు సరిపడా మేత. ఇప్పుడు అడ్డొచ్చేవాడు లేడు. అందరం ఆయన ముఖం వంకే చూస్తూ వింటున్నాం. మెల్లగా వేగం తగ్గింది. మాటలు అయిపోయాయి. ఆయన మా ముఖాల వంక చూశాడు, ఎవరైనా పుణ్యం కట్టుకుని పోట్లాడతారేమోనని. ఎవరూ పోట్లాడలేదు. అయిందా అని అడగబోయి నేను నాలుక కరుచుకున్నాను.

"ఆ రోజు నేను కారు దగ్గరికి పోలేదు" అన్నాడు చివరికి, నేల చూస్తూ. "అరగంటకోసారి పోవాల్సొస్తోంది. ఆపుకోలేను. సంతలో ఆ టాయిలెట్ ఉంది కాబట్టి మంగళవారం గడప దాటుతున్నా. అది మూసేస్తే ఇక ఇంట్లోనే. కిటికీలోంచి చూస్తూ కూర్చోవడమే. మురియల్‌కి కూడా చెప్పలా."

సెల్విన్ గొంతు అంత చిన్నగా నేను వినడం అదే మొదటిసారి. నాకు ఏడుపొచ్చింది.

 మురియల్ ముందుకు చూస్తూనే అంది. "నేను పోయిన చలికాలంనుంచీ బయటికి వెళ్లేరోజు పొద్దున టీ తాగడం మానేశా. అందుకే. సెల్విన్‌కి తెలిస్తే ఊరంతా చాటుతాడని చెప్పలా."

ఎవరైనా నవ్వాల్సిన చోటది. నవ్వలేదు. ఒకరి తర్వాత ఒకరు చెప్పుకొచ్చారు. నేనూ చెప్పాను, అదేమిటో ఇక్కడ రాయను. అందరిదీ అయ్యాక చూసుకుంటే రోమన్లూ లేరు, ఇటుకలూ లేవు. సిగ్గుతో ఇంట్లో కూర్చుంటున్న మనుషులున్నారు, అంతే.

"కౌన్సిల్‌లో చెప్పాల్సింది ఇదే. నువ్వే చెప్పాలి సెల్విన్, ఇంత పొట్టిగానే" అంది హెస్టర్. "మిగతావాళ్లు గుర్తుపెట్టుకోండి. ఈసారి మౌనం మాట తర్వాత, ముందు కాదు."

ఆ తర్వాత జంటలుగా ఇంటింటికీ వెళ్లాం. ఆ మరుగుదొడ్డి మూసేస్తే మీ సంగతేమిటని ఒక్క ప్రశ్న అడిగి నోరు మూసుకోవడమే పని. హెస్టర్ వెంట వెళ్లిన సెల్విన్ మొదటి వీధిలో చెంప లోపల కొరుక్కుంటూ నిలబడ్డాడట. మూడో వీధికి వచ్చేసరికి జనమే ఆయన్ని కూర్చోబెట్టుకుని చెప్పుకోవడం మొదలుపెట్టారట. ఓటింగ్ రోజున హాలు కిటకిటలాడింది.

సెల్విన్ లేచాడు. చెవులు ఎర్రబడ్డాయి. మా గదిలో చెప్పిన నాలుగు ముక్కలే చెప్పి, "సిగ్గేసి ఇన్నాళ్లూ చెప్పలా. అంతే" అని కూర్చున్నాడు. అప్పుడు మేం మౌనంగా ఉన్నాం. క్లిఫర్డ్ గొంతు సవరించుకున్నాడు. కాయితాలు అటూ ఇటూ జరిపాడు. వెనకనుంచి ఒకావిడ లేచి, "నాకూ అంతే" అంది. ఇంకెవరో, "మా ఆయనకూ" అన్నారు. తర్వాత లారీ తోలే ఆయన లేచాడు, ఆ తర్వాత బళ్లో పాఠాలు చెప్పే ఆవిడ. చూస్తుండగా సగం హాలు నిలబడి ఉంది.

"ఓటింగ్‌కు ముందు కాసేపు విరామం" అని క్లిఫర్డ్ అందరికన్నా ముందు కుర్చీ వెనక్కి నెట్టి పరిగెత్తాడు గానీ తలుపు దగ్గరున్నవాళ్లే ముందు బయటపడ్డారు.

నేను వెళ్లేసరికి వరండాలో హాలు టాయిలెట్ ముందు పెద్ద వరస. దాని చివర సెల్విన్, క్లిఫర్డ్ పక్కపక్కన నిలబడి ఉన్నారు. క్లిఫర్డ్ తల వంచుకుని గొణుగుతున్నాడు. తండ్రి, తాతల పిసినారితనంతో సహా సెల్విన్ చేతికి చిక్కిన మనిషి! సెల్విన్ నోరు తెరుస్తాడని ఎదురుచూశాను. తెరవలేదు. క్లిఫర్డ్ చెప్పినంతసేపూ విన్నాడు. తన వంతు వచ్చాక తలుపు తీసి పట్టుకుని, "నువ్వు ముందు వెళ్లు నాయనా" అన్నాడు.

చేతులెత్తమన్నప్పుడు మూసెయ్యాలని ఒక్క చెయ్యీ లేవలేదు. మరుగుదొడ్డి ఉంచాలని అందరికన్నా ముందు లేచిన చెయ్యి క్లిఫర్డ్‌ది.

ఇంటికి నడిచేటప్పుడు నేను ఉండబట్టలేక అడిగాను. "వరండాలో క్లిఫర్డ్ ఏం చెప్పాడు?"

"నాతో చెప్పుకున్నాడు. నీతో కాదు" అన్నాడు సెల్విన్.

ఆ తర్వాత మురియల్ కూడా అడిగి చూసిందట. ఈరోజుకీ చెప్పలేదు.