రథం కాడి ఎర్రచుక్క

హెడ్ కానిస్టేబుల్ శేషన్న చదివింది తుగ్గలి బడిలో ఏడో తరగతి. అయితేనేం, ఆదోని పత్తి మార్కెట్లో దొంగల ముఠాను పట్టినవాడు, కోసిగి దారిలో మేకలు ఎత్తుకుపోతున్న లారీని ఒంటరిగా ఆపినవాడు, ఇద్దరు పెద్ద అధికారుల చేత శాలువా కప్పించుకున్నవాడు. ఆయన మీసం కనబడితే చాలు, జేబుదొంగలు సందులు వెతుక్కునేవారు. రిటైరైనా సరే, ఎమ్మిగనూరు జాతర వచ్చిందంటే స్టేషన్లో ఎస్సై పక్క కుర్చీ ఆయనదే.

ఈ ఏడు ఆ కుర్చీలో కానిస్టేబుల్ ముంతాజ్ కూర్చుంది. ఆ పిల్లకు లాఠీ పట్టడం నేర్పింది శేషన్నే. ఆమె ముందర కంప్యూటరు, అందులో జాతర పటం, పశువుల సంత మీద ఎర్రచుక్క.

“పాత కేసులన్నీ దీంట్లో ఏసినాం సార్. దొంగతనం యాడ జరుగుతాదో ఇదే లెక్కగట్టి సెప్తాది.”

“అది సెప్పేదేందమ్మా, నేను సెప్తా. రథం కాడ! రథం కదిలితే జనం రెండు సేతులూ ఎత్తి మొక్కుతారు. జేబు ఎవురు సూసుకుంటారు?”

ఎస్సై బాలరాజు ఇద్దరినీ నొప్పించలేదు. “ముంతాజ్, మీరూ మనవాళ్లూ మామూలు బట్టల్లో సంతకు పోండి. రథం కాడ నువ్వు చూసుకో పెద్దాయనా,” అన్నాడు. టీ మాత్రం ముందు ముంతాజ్‌కే వచ్చింది. శేషన్న తన టీ ముట్టలేదు.

రథం రోజున ఆయన రథం దగ్గరికి పోనే లేదు. మీసం దువ్వుకుని, కర్ర పట్టుకుని, సంత నడిమధ్యలో కూర్చున్నాడు. అక్కడ రైతులూ దళారులూ తువ్వాలు కింద వేళ్లు పట్టుకుని ఎద్దుల ధర తేల్చుకుంటున్నారు. ఒక్క జేబూ తెగలేదు. కంప్యూటరు ఓడిపోయిందనుకుంటే ఆయనకు కడుపు చల్లబడింది.

సాయంత్రం స్టేషన్ గడప తొక్కుతూనే, “ఏం పాపా, నీ మిషను సెప్పిన దొంగలు యాడ?” అన్నాడు.

“వచ్చినారు సార్. తువ్వాలు బేరాల కాడ ఇద్దరిని కనిపెట్టినాం. సెయ్యి ఏస్తే పట్టుకుందామని ఉంటిమి. మిమ్మల్ని సూసి జారుకున్నారు.”

“యాడికి?”

“రథం కాడికి. ఆడ మనోళ్లు ఎవురూ లేకపోతిరి.”

అప్పుడు చూశాడు శేషన్న, గోడవార బల్ల నిండా జేబులు తెగిన జనాన్ని. ఎస్సై తల ఎత్తి ఆయన వంక చూడలేదు. ముంతాజ్ పటంలో రథం మీద కొత్త చుక్క పెట్టింది.

“ఆ సుక్క నాది పాపా. ముందుగాల సెప్పింది నేను.”

“ఎవురు సెప్పినారో దానికి పట్టదు సార్. యాడ జరిగిందో అంతే.”

ఎస్సై పక్క కుర్చీలోంచి ముంతాజ్ లేవలేదు. శేషన్న బల్ల చివర ఒదిగి కూర్చున్నాడు. పక్కనున్న రైతు జాలిగా ఆయన వైపు జరిగాడు.

“నీదేం పోయిందన్నా?”