అయస్కాంతానికి అంటిన నాలుగు రూపాయలు

ఆరేళ్ల కింద, ఎండలు ముదిరిన నెలలో, కరీంనగర్‌లో వెండి బంగారాల స్వచ్ఛత తేల్చే ఒక ప్రైవేటు సెంటర్‌లో జూనియర్ పరీక్షకుడిగా చేరాను. తర్వాత నాలుగేళ్లకు సెంటర్ మూతపడింది. అట్లా ముప్పై నిండకముందే రిటైరయ్యాను. నాతోపాటు ఎక్స్‌రే మెషీన్ కూడా రిటైరయింది. దానికి మాత్రం మంచి ధర పలికింది.

హోదాలో నా పైన వెంకటేశం సార్. నా కింద కుర్చీ. వస్తువు తీసుకోవడం, తూకం వేయడం, అయస్కాంతం ఆనించి చూడడం నా పని. వెండి అయస్కాంతానికి అంటదు, అంటితే లోపల ఇనుము ఉన్నట్టని నాకు నేర్పారు. నేను అక్కడితో ఆగిపోయాను.

రెండో నెలలో పెద్దపల్లి దగ్గరి ఊరి నుంచి మల్లవ్వ అనే పెద్దావిడ ఇద్దరు కోడళ్లను వెంటబెట్టుకుని వచ్చింది. ఆమె భర్త బతికున్న రోజుల్లో చేయించిన రూపాయల దండ తెచ్చారు. ఇరవై ఒక్క పాత రూపాయలకు కొక్కేలు అతికించి దారానికి గుచ్చింది. దాన్ని కరిగించి మనవరాళ్లకు పట్టీలు చేయించాలట. ముందు పరీక్ష చీటీ తెమ్మన్నాడట షాపాయన. మూడేళ్లుగా ఆ దండ చిన్న కోడలు సుజాత పెట్టెలో ఉంది. ఆమె భర్త దుబాయిలో ఉంటాడు.

అయస్కాంతం పెట్టాను. నాలుగు రూపాయలు టక్కున అంటుకున్నాయి.

"నాలుగు దొంగవి అవ్వా! ఇనుము మీద పూత పూసిండ్రు" అని హాలంతా వినబడేటట్టు ప్రకటించాను. ఆ నాలుగింటి వెనక పులి బొమ్మ ఉంది. రూపాయి మీద పులేందని నవ్వాను కూడా.

పెద్ద కోడలు పద్మ అందుకుంది. "చూసినవా అత్తా? నేను చెప్తే చాడీలన్నవు. దుబాయి పైసలు సాలలేనట్టున్నయి."

మల్లవ్వ సుజాత దిక్కు తిరిగింది. "మార్చి పెట్టినవా? ఇయ్యాల్నే మీ తల్లిగారింటికి పో. పోరనికి నేను ఫోన్ జేసి చెప్త."

సుజాత ఏడుస్తుందనుకుని మంచినీళ్ల గ్లాసు జరిపాను. ఆమె గ్లాసు ముట్టలేదు. "అన్నా, నువ్వు మంచిగ చూసినవా?" అని అడిగింది. అయస్కాంతం అబద్ధం చెప్పదన్నాను. అది నిజంగానే చెప్పలేదు. చెప్పింది నేను.

నా గొంతు విని వెంకటేశం సార్ లోపలి నుంచి వచ్చి ఒక రూపాయి తిప్పి చూశారు. "ఇనుమని ఎవలు చెప్పిన్రు నీకు? పులి ఉన్న దిక్కు సంవత్సరం చదువు."

1947.

రెండో ప్రపంచ యుద్ధానికి ముందు రూపాయిలో నూటికి తొంభై పాళ్ల పైన వెండి ఉండేది. 1940 నుంచి దాన్ని సగానికి తగ్గించారు. చివరికి వెండి మానేసి నికెల్‌తో కొట్టారు. నాణెం మీద రాజు బొమ్మ మారలేదు, తూకం మారలేదు. నికెల్ కూడా అయస్కాంతానికి అంటుతుంది. ఈ సంగతి నాకు ఆ పూటే తెలిసింది.

ఎక్స్‌రే మెషీన్ కూడా నికెలే అంది. కానీ అది పైతోలు మాత్రమే చూస్తుంది. ఇనుము మీద నికెల్ పూత పూసినా ఆ మాటే అంటుంది. అందుకని సార్ ఒక్కో నాణేన్నీ ముందు గాలిలో, తర్వాత నీళ్లలో వేలాడదీసి తూయించారు. గాలిలో బరువును నీళ్లలో తగ్గిన బరువుతో భాగిస్తే, ఇనుముకు ఎనిమిది లోపు వస్తుంది. నికెల్‌కు తొమ్మిదికి కాస్త తక్కువ. మంచి వెండి రూపాయికి పది దాటుతుంది. నాలుగూ తొమ్మిది దగ్గరే ఆగాయి. అంటే సర్కారు కొట్టిన అసలు నాణేలే.

"అసలైనయే గానీ, వెండియి తీసి గివి గుచ్చిండొచ్చు గదా!" అంది పద్మ.

నాకు రాని అనుమానం అది. ఆ ఉద్యోగం ఆమెకిస్తే సెంటర్ ఇంకొన్నాళ్లు నడిచేదేమో.

సార్ ఇరవై ఒక్క కొక్కేల అతుకులనూ మెషీన్ కింద పెట్టించారు. ఈ కాలపు అతుకు లోహంలో తరచుగా కాడ్మియం కలుస్తుంది, పాత అతుకుల్లో ఉండదు. ఒక్కదాంట్లో కూడా అది కనబడలేదు. భూతద్దంలో చూస్తే దారం ఒరుసుకుని పడిన గాడి అన్ని కొక్కేలకూ ఒకే లోతుగా ఉంది. పెట్టెలో మూడేళ్లు పడుకున్న దండకు అంత ఒరిపిడి రాదు. ఆ నాలుగు మొదటి రోజు నుంచీ మిగతావాటితోనే ఉన్నాయని సార్ తేల్చారు.

మల్లవ్వ దండలోని పులి రూపాయిని వేలితో తడిమింది. "అచ్చ వెండని చెప్పి మెడల ఏసిండు ముసలోడు. ఉన్నప్పుడు అడగకపోతి" అంది. పద్మ ఫోన్ చూసుకుంటోంది. నేను తల వంచుకుని చీటీ రాస్తున్నాను.

"అన్నా" అంది సుజాత. "ఇందాక హాలంత వినబడేటట్టు ఒర్రినవు గదా. గిప్పుడు గట్లనే ఒర్రు."

సార్ కళ్లద్దాలు తుడుచుకోవడంలో మునిగిపోయారు. నేను లేచి నిలబడి, నాణేలు అసలైనవని, ఎవరూ మార్చలేదని, నేనే తప్పు చెప్పానని అదే గొంతుతో అరిచాను. ఉంగరం పరీక్షకు వచ్చినాయన సగమే వినబడిందన్నాడు. ఆయన కోసం మళ్లీ చెప్పాను.

సుజాత దండ తీసి అత్త ఒళ్లో పెట్టింది. "ఇగ నువ్వే పెట్టుకో అత్తా. నా పెట్టెల జాగ లేదు."

మల్లవ్వ దండ కొంగుకు కట్టుకుంది. పట్టీల మాట ఎవరూ ఎత్తలేదు.

అయస్కాంతం జవాబిచ్చేది ఒక్క ప్రశ్నకే: అంటుతుందా, అంటదా. ఆ లోహం ఏమిటన్నది రెండో ప్రశ్న. దాన్ని అక్కడ ఎవరు పెట్టారన్నది మూడోది. ఆ తర్వాత సెంటర్ మూతపడేదాకా, ఏదైనా అంటితే కౌంటర్ దగ్గర నేను "అంటింది, కూర్చోండి" తప్ప ఇంకో మాట అనలేదు.