మా నాన్న కట్టిన దండెం

నా చిన్నప్పుడు, ఇంకా పాలపళ్ళు ఊడుతున్న వయసులో, మా అరుగు మీద ఒక దండెం ఉండేది. దాని మీద మా ఇంటి బట్ట ఒక్కటీ ఆరేసేవారు కాదు. జానెడేసి గుడ్డపేలికలు వరసగా ముడేసి ఉండేవి. అవి గోదావరిలో కొట్టుకొచ్చిన వాళ్ళవి.

మా ఊరు నరసాపురానికి ఎగువన, వశిష్ఠ గోదావరి ఒడ్డున. వరద తగ్గుముఖం పట్టాక ఎక్కడెక్కడి శవాలో మా ఊరి వంపులో రెల్లుదుబ్బులకు తట్టుకునేవి. ముట్టుకోవడానికి అందరూ జంకితే మా నాన్న ఒక్కడూ నడుంలోతు నీళ్ళలోకి దిగి ఒడ్డుకు చేర్చేవాడు. పెద్దవాళ్ళకు చితి పేర్చేవాడు, పిల్లలను పూడ్చేవాడు. అంతకు ముందు కట్టుబట్టలోంచి జానెడు ముక్క కోసి, ఉతికి, దండేనికి కట్టేవాడు. చదువు లేని మనిషి, రాసి పెట్టుకోలేడు. ఏ పేలిక ఎవరి ఒంటి మీదిదో అంతా మనసులోనే. వెతుక్కుంటూ వచ్చినవాళ్ళు ఆ గుడ్డ చూసి ఆనవాలు పట్టేవారు. అక్కడే కూలబడి ఏడ్చి, చెయ్యవలసింది చేసుకుని వెళ్ళేవారు.

"ఏంటండి, ఇంట్లో పెళ్ళా? తోరణాలు కట్టారు" అని దారిన పోయేవాళ్ళు వేళాకోళం చేసేవారు. ఆయన నవ్వి ఊరుకునేవాడు. శవాన్ని ముట్టిన రోజు కాలవలో మునిగి, తడిబట్టలు ఒంటి మీదే ఆరేదాకా ఎండలో దూరంగా కూర్చుని, ఆ తరవాతే లోపలికొచ్చి నాకు తల దువ్వేవాడు. నేను చెప్పబోయే ఏడు మా అమ్మ బాలింత. అమ్మ పథ్యం, తమ్ముడి ఉయ్యాల, నా జడ, అన్నీ ఆయన చేతి మీదే నడిచాయి.

ఆ ఏటి వరదకు ఒక ఆడపిల్ల కొట్టుకొచ్చింది. పిల్లను నేను చూడలేదు. సాయంత్రం దండెం మీద కొత్త పేలికను మాత్రం చూశాను. పచ్చటి గుడ్డ, ఎర్రటి అంచు. నా కర్రబొమ్మకు చీర లేదు. రెండు రోజులు చూసి చూసి, మూడో రోజు మా నాన్న పొలం వెళ్ళగానే స్తంభం పట్టుకుని ఎక్కి ముడి విప్పి బొమ్మకు చుట్టుకున్నాను.

ఆ పూటే ఒకావిడ వచ్చింది. రాజమండ్రి ఎగువ నుంచి గట్టు వెంబడే నడిచిందట, కాళ్ళు వాచిపోయి ఉన్నాయి. "ఎర్రంచు పచ్చ పరికిణీ అమ్మా, నా పిల్లది" అంది. మా అమ్మ గదిలోంచే, "ఆయన ఒక్కటీ పారెయ్యరు తల్లీ, అన్నీ అక్కడే ఉంటాయి, చూసుకో" అంది.

ఆవిడ ఒక్కొక్క పేలికనూ వేళ్ళతో తడుముతూ ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచింది. మళ్ళీ వెనక్కి నడిచింది. బొమ్మ నా వీపు వెనక ఉంది. కొడతారని కాదు నా భయం, మా నాన్న చెయ్యి నా మీద ఎప్పుడూ పడలేదు. దొంగనని తెలిసిపోతుందని. అయినా చెప్పేద్దామని నోరు తెరిచాను. అంతలో ఆవిడ నవ్వింది. "నా పిల్ల వీళ్ళలో లేదమ్మా, బతికే ఉంది" అంటూ నా బుగ్గలు పుణికి, "నీ అంతే ఉంటుంది" అని, మజ్జిగైనా తాగకుండా వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం మా నాన్న రాగానే అమ్మ సంతోషంగా ఈ సంగతి చెప్పింది. పరికిణీ ఏ రంగని అడిగాడు. చెప్పింది. ఆయన దండెం వంక చూశాడు, తరవాత నా వంక చూశాడు. నేనే బొమ్మను తెచ్చి ఆయన చేతిలో పెట్టాను. పేలిక విప్పుకుని, అన్నం కూడా తినకుండా, నా చెయ్యి పట్టుకుని రేవుకు నడిచాడు. ఆ నడక అందుకోవడానికి నేను పరిగెత్తవలసి వచ్చింది.

"ఇందాకే దాటిందండి" అన్నాడు పడవవాడు. "తెగ నవ్వుకుంటా కూచుంది. పుట్టింటికి ఎల్తందేమో అనుకున్నానండి."

నీళ్ళకు వచ్చిన పక్కింటి అక్కతో నన్ను ఇంటికి పంపి ఆయన ఏరు దాటాడు. మూడు రోజుల పాటు, గోదావరి సముద్రంలో కలిసే చోటు దాకా, రేవు రేవునా అడిగాడు. నాలుగో రోజు పేలికతోనే తిరిగొచ్చాడు. దాన్ని మళ్ళీ దండేనికి కట్టి, నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

"నిన్ను కొట్టి ఏం చెయ్యనమ్మా. పోయిందని తెలిస్తే ఎక్కడో ఒకచోట కూలబడి ఏడుస్తుంది. ఇప్పుడిక ఆవిడ ఎక్కడా కూర్చోదు."

అప్పటి నుంచి ఎవరు వచ్చినా చెయ్యి పట్టుకుని దండెం వెంట నడిపించడం నా పని అయింది. ఏ పేలిక ఎవరిదో, ఎంత వయసో, ఏ చోట మట్టి చేశాడో మా నాన్న నాకు కంఠతా పట్టించాడు. వచ్చినవాళ్ళందరినీ ఆవిడ గురించి అడిగేవాడు. అంతర్వేది దారిలో ఒకావిడ, ఎదురైన ఆడపిల్లల పరికిణీలు పట్టి పట్టి చూస్తూ తిరుగుతోందని ఒకసారి ఎవరో చెప్పారు. ఆయన వెళ్ళేసరికి అక్కడ లేదు. ఆయన పోయేనాటికి కూడా ఆ ఎర్రంచు పేలిక కోసం ఎవరూ రాలేదు.

ఆవిడా ఈపాటికి పోయే ఉంటుంది. ఏడుపంటే నాకు భయం లేదు, ఊహ తెలిసినప్పటి నుంచి ఎందరో నా భుజం మీద ఏడ్చారు. ఎవరైనా ఆడమనిషి మా అరుగు మీద నిలబడి ఉన్నట్టుండి సంతోషంగా నవ్విందంటే మాత్రం, ఈ ముసలితనంలో కూడా నా రెండు చేతులూ ముందుకు చాపి, వాటిలో ఏమీ లేదు కదా అని చూసుకుంటాను.