మా పెరట్లోకి పెరిగిన జైలు

మొన్న భవానీపూర్ నుంచి టాక్సీలో వస్తుంటే దారి మళ్ళించారు. పాత జైలు గోడ ఒకపక్క కూల్చేస్తున్నారట. డ్రైవరు విసుక్కుంటూ హారన్ కొడుతుంటే, ఆ ఇటుకల గుట్టల్లో మా పిన్ని వంటగది ఎక్కడుండేదా అని వెతుక్కున్నాను. దొరకలేదు.

మా చిన్నాన్న ఆ జైల్లో వార్డరు. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి హౌరాలో దిగిన కుర్రాళ్ళలో అందరికన్నా పొడుగు కాబట్టి ఆ ఉద్యోగం వచ్చిందని పిన్ని అనేది. మా నాన్నది లిలువాలో రైల్వే పని. నేను మాత్రం చదువు కోసం పిన్ని దగ్గర పెరిగాను. అరవైల మొదట్లో నేను వెళ్ళేసరికి జైలంటే దొరల కాలంలో కట్టిన ఒక ఎర్ర భవనం, చుట్టూ గోడ, అంతే. గోడకీ మా క్వార్టర్స్‌కీ మధ్య పెద్ద పెరడు. పిన్ని అందులో బీరపాదులు, గోంగూర వేసేది. బియ్యం కరువొచ్చి ఊరేగింపులు మొదలయ్యాక, పట్టుకొచ్చినవాళ్ళకు లోపల చోటు చాలక రేకుల షెడ్లు వేశారు, బీరపాదులు పోయాయి. షెడ్ల పక్కన రెండంతస్తుల వార్డు లేచింది; గోంగూర మడి పోయింది. తర్వాత గోడ ఎత్తు పెంచారు, ఎండ పోయింది. "లోపలోల్లు బయటికి రారు గానీ, జైలే మనింట్లోకి వచ్చేస్తంది" అనేది పిన్ని, ఆరని చీరలు ఈ తీగ మీంచి ఆ తీగ మీదికి మారుస్తూ.

డెబ్బైల్లో నక్సలైట్లంటూ కాలేజీ కుర్రాళ్ళను వ్యాన్లలో తేవడం మొదలైంది. కొత్త వార్డు నిండిపోయింది. ఒక సాయంత్రం చిన్నాన్న బెల్టయినా విప్పకుండా మంచం మీద కూర్చుని, నాకు లెక్కలు చెప్పిన కుర్ర మాస్టారు లోపలున్నాడన్నాడు. అతనూ, వాళ్ళమ్మా మా వీధి చివర ఉండేవారు. ఆవిడను మేం బెంగాలీలో పిన్నిగారన్నట్టు మాషీమా అని పిలిచేవాళ్ళం.

మర్నాటి నుంచి మాషీమా గేటు ముందు నిలబడేది. కొడుకును చూడనివ్వలేదు. పిన్ని ఆవిడను తీసుకొచ్చి మా వరండాలో కూర్చోబెట్టింది. చిన్నాన్న డ్యూటీ దిగి రాగానే ఆవిడ లేచి, "దాదా, వాడు తింటున్నాడా? అదొక్కటి చెప్పు" అని బెంగాలీలో అడిగింది. ఖైదీల సంగతులు వాళ్ళవాళ్ళకు చేరవేస్తే వార్డరుకు ఉద్యోగం ఉండదు. ఆయన తలొంచుకుని లోపలికి వెళ్ళిపోయాడు. అన్నం వడ్డిస్తూ పిన్ని, "నోట్లోంచి మాట రాదేటి మీకు?" అని నిలదీసింది.

మర్నాడు చిన్నాన్న డ్యూటీ దిగి వచ్చి, మాషీమా వైపు చూడకుండా, వంటగదిలోకి వినబడేలా తెలుగులో అన్నాడు: "ఒలే, ఇయ్యాల అన్నం తిన్నాడు. జొరం తగ్గిపోనాది." పిన్ని చెయ్యి కడుక్కుని వచ్చి, ఆ మాటే ఆవిడకు బెంగాలీలో చెప్పింది. పెళ్ళాంతో తెలుగులో మాట్లాడకూడదని జైలు రూల్సులో ఎక్కడా లేదు కదా. ఆ చలికాలమంతా అలాగే గడిచింది.

ఒక మధ్యాహ్నం లోపల గంట ఆగకుండా మోగింది. ప్రమాదం వస్తే కొట్టే ఆ గంటను పాగలీ ఘంటీ అంటారు. వెనకే తుపాకుల చప్పుడు. మాషీమా ఏడవలేదు, పిన్ని చెయ్యి పట్టుకుని గోడ వైపే చూస్తూ కూర్చుంది. పొద్దు వాలాక చిన్నాన్న వచ్చాడు. చొక్కా మీద రక్తం, ఆయనది కాదు. వెనక మరో ఇద్దరు వార్డర్లు ఉన్నారు. అయినా ఆయన సరాసరి వరండాలోకి వచ్చి, మొదటిసారి ఆవిడ ముఖంలోకి చూసి, బెంగాలీలో గట్టిగా చెప్పాడు: "దీదీ, మీ అబ్బాయి బతికే ఉన్నాడు. కాలు విరిగింది. నేనే మోసుకెళ్ళి ఆస్పత్రిలో పడుకోబెట్టాను."

ఆ మాట పైవాళ్ళ చెవిన పడింది. చిన్నాన్నను ఎక్కడో ఉత్తరాన చిన్న జైలుకు మార్చారు. సామాను కడుతూ పిన్ని, "అంత గట్టిగా సెప్పాలేటి?" అంది.

"మెల్లగా సెప్పీ ఓపిక నేదే" అన్నాడు.

మేం ఖాళీ చేసిన క్వార్టర్స్ కూల్చి ఇంకో వార్డు కట్టారు. కుర్ర మాస్టారు కొన్నేళ్ళకు విడుదలై, కాలు ఈడ్చుకుంటూ తల్లి దగ్గరికి చేరాడు. తర్వాత చాలాకాలం ఆవిడ కొడుకు చేతి అన్నమే తిన్నది.

చిన్నాన్న పోయి చాలా ఏళ్ళయింది. ఆ రోజుల్లో నా కంటికి ఆయన ముసలివాడు. నిజానికి అప్పుడాయన ఇప్పటి మా అబ్బాయి కన్నా చిన్నవాడు. అదే కప్పు కింద, అవే ఏళ్ళు నేనూ గడిపాను. అవి ఆయన్ని అరగదీస్తూ నన్ను పెంచుతున్నాయని అప్పుడు నాకు తెలియలేదు.