ఎర్ర సిరాతో ఒక్క ‘ళ’

ప్రెస్సు బాపు పోయారని మొన్న బేగంబజార్‌లో తెలిసింది. గిన్నెల దుకాణం ముందు ఆగితే కొట్టాయన మెల్లగా చెప్పారు. ఏం కొనడానికి వెళ్లానో మరిచి తిరిగివచ్చాను.

ఆ బజారు వెనక గల్లీలోనే ఆయన ప్రెస్సు. కాలితో తొక్కే మిషను ఒక్కటే, పెళ్లిపత్రికల పనే ఎక్కువ. యుద్ధంతో కాగితం కరువైన రోజుల్లో నేను అక్కడికి వెళ్లాను. ఉప్పుగూడలో మా వాడకట్టున పాలమ్ముకునే ఆడవాళ్లకు మధ్యాహ్నాలు చదువు చెప్పేదాన్ని. వాళ్ల కోసం రాసిన చిన్న వాచకం అచ్చు కావాలి. తక్కిన ప్రెస్సులవాళ్లు కాగితం లేదని పంపేశారు. ఈయన ఒక పాత తావు తీసి, మడిచి చూపించారు.

“నీ కొలతకు కోస్తే పక్కన గింత వేస్టయితది బిడ్డా. పుస్తకం రెండు వేళ్లు తక్కువ చేద్దాం. అట్ట వద్దు. అక్షరం మాత్రం పెద్దగనే ఉండాలె, వాళ్లు కొత్తగ చదివెటోళ్లు.”

పొదుపు పేరుతో చదివేవాళ్లను కష్టపెట్టకూడదని నాకు ఆనాడే తెలిసింది.

బ్రాకెట్లు, చుక్కలు పేర్చి పేజీకి పూలదండలాంటి అంచు కట్టారు. బొమ్మకోసం చెక్క మీద తనే బర్రెను చెక్కారు. ప్రూఫును చివరి మాట నుంచి వెనక్కి చదివేవారు. “అర్థం ఎంబడి పోతే తప్పు కనబడదు” అనేవారు.

అయినా తప్పు దొర్లింది. అది నాదే. తావులన్నీ అచ్చయి ఆరాక చూస్తే అక్షరమాలలో ‘ళ’ లేదు. నా రాతప్రతిలోనే వదిలేశాను.

“మళ్ల కాయితం యాడికెళ్లి తేవాలె బాపూ?” అంటూ అక్కడే కూలబడ్డాను.

“ఫికర్ చెయ్యకు. నేను గూడ లెక్కపెట్టి చూడలే” అన్నారాయన.

వరస చివర కొంచెం జాగా ఉంది. మిషనులో పెళ్లిపత్రికల ఎర్ర సిరా ఉంది. ఒక్క ‘ళ’ను బిగించి, తావులన్నిటినీ మళ్లీ ఒక్కొక్కటిగా అచ్చు వేశారు. మోకాళ్ల నొప్పితో రెండు రోజులు తొక్కారు. అక్షరం పక్కకు జరిగిన తావు ఒక్కటీ లేదు.

ఎర్రగా ఉన్నదే ముఖ్యమైనదనుకుని మా ఆడవాళ్లు ముందు దాన్నే నేర్చుకున్నారు.

ఒకనాడు ఆయన మా పాఠం చూడటానికి వచ్చి గడప దగ్గర కూర్చున్నారు. తల నెరిసిన ఒకామె వేలు పెట్టి, “నీ... ళ్లు” అని కూడబలుక్కుని చదివింది. తలెత్తి ఆయనను చూసింది. లేచి లోపలికి వెళ్లి చెంబుతో నీళ్లు తెచ్చి ఇచ్చింది. సిరా వదలని వేళ్లతో చెంబు పట్టుకుని, దించకుండా తాగారాయన.