నాలుగు తక్కువైన చదరం

"ఆ నంబరు దేనితోనూ భాగం పోకపోతే నీకేం ఒరిగిందిరా?" అని గుండీల కొట్టు బావ ఒకసారి దర్జీని ముఖం మీదే అడిగాడు. దర్జీ సూదిలోకి దారం ఎక్కిస్తూ, "గౌరవం బావా" అన్నాడు.

గణితం మనిషికి వినయం నేర్పుతుందనేవాళ్లు ఈ దర్జీ దగ్గర ఒక్క చొక్కా కూడా కుట్టించుకుని ఉండరు. ఆయన మిషను మీద ఇత్తడి బిళ్లలో 1022117 అని చెక్కి ఉంది. అది ప్రధాన సంఖ్య అని, ఒకటితోనూ తనతోనూ తప్ప దేనితోనూ భాగం పోదని ఆయన నమ్మకం. ఊరికే నమ్మలేదు. తన బడినాటి లెక్కల పుస్తకం వెనక ప్రధాన సంఖ్యలు నూట అరవై ఎనిమిది అచ్చువేసి ఉంటే, వాటన్నిటితోనూ వరసగా భాగించాడు. ఏడాదిన్నర పట్టింది. ప్రతిసారీ శేషం మిగిలింది. మధ్యలో ఒక ప్లీడరుగారి కోటుకు కుడిచెయ్యి పొట్టిదైంది గాని, అది వేరే లెక్క.

ఇక "ప్రధాన సంఖ్య మిషను" అని బోర్డు రాయించడమే తరువాయి. పెయింటరు మర్నాడు వస్తానన్నాడు. బావ పందెం వేశాడు: నంబరు భాగం పోకపోతే బోర్డు ఖర్చు తనది, పోతే బోర్డు మానుకుని, భాగించిన అంకె ఎంతో అంత పైకం తనకివ్వాలి.

దర్జీ కాలరెగరేసి తన నంబరు గొప్పల్లో మరొకటి చెప్పాడు. వెయ్యిన్ని పదకొండును దానితోనే హెచ్చవేస్తే, దీనికన్నా సరిగ్గా నాలుగు ఎక్కువ వస్తుందట.

పక్కన కాజాలు కుడుతున్న భార్య తల ఎత్తింది. "అంటే చదరం గుడ్డ మూలన రెండుకు రెండు ముక్క పోయిందన్నమాటేగా?"

అవునన్నాడాయన. ఆవిడ పీలికల బుట్టలోంచి చదరపు ముక్క తీసి, మూల కత్తిరించింది. పొట్టిగా మిగిలిన అంచును నిలువునా కోసి, తిప్పి, రెండో పక్కన అతికింది. దీర్ఘచతురస్రం తయారైంది. ఒక దారం కూడా వృథా కాలేదు.

"ఇటు రెండు తగ్గి వెయ్యిన్ని తొమ్మిది, అటు రెండు పెరిగి వెయ్యిన్ని పదమూడు. హెచ్చవేసి చూసుకోండి."

ఆయన సుద్దతో బల్ల మీద హెచ్చవేశాడు. 1022117. మళ్లీ వేశాడు. గుడ్డలు కోయడంలో ముప్పై ఏళ్ల అనుభవం ఆయనది.

"మరి వెయ్యిన్ని తొమ్మిదితో భాగించలేదేంరా?" అన్నాడు బావ.

"పుస్తకంలో వెయ్యి లోపువే ఉన్నాయి."

"పుస్తకం అయిపోతే అంకెలు కూడా అయిపోతాయా?"

పట్టికలో చివరిది 997. దాని తర్వాత వచ్చే ప్రధాన సంఖ్యే 1009. ఇంకొక్క భాగహారం చేసుంటే ఆయనకే దొరికేది. నూట అరవై ఎనిమిది చేసిన మనిషి నూట అరవై తొమ్మిదోది చేయకపోవడాన్ని కొందరు విధి అంటారు. ఆయన భార్య మాత్రం బద్ధకం అంటుంది.

మర్నాడు పెయింటరు "టైలరు" అని మాత్రం రాసి వెళ్లాడు. దర్జీ పందెం డబ్బులో వెయ్యి చెల్లించాడు. పుస్తకం దాటిన లెక్కకు తన పూచీ లేదన్నాడు. బావ ఒప్పుకోలేదు. తొమ్మిది ఇంకా బాకీ ఉంది.